అమ్మ నూలు చీరలతో అక్క బిడ్డకి బొంత: కత్తెర పెట్టడానికి చెయ్యి రావట్లేదు

కొర్లగుంట_చిన్నది:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు అడగక తప్పట్లేదు.

మా అక్కకి ఏడో నెల. వచ్చే నెల బెంగళూరు నుంచి పురుటికి తిరుపతి వస్తోంది, మా ఇంటికే. అమ్మ పోయి ఏడాదిన్నర. పుట్టింటి తరఫున ఏం చేసినా ఇక నేనూ నాన్నే చేయాలి. అమ్మ బీరువాలో ఆరు నూలు చీరలున్నాయి. రెండు వెంకటగిరివి, మిగతావి నగరి పవర్‌లూమ్ చీరలు, రోజూ ఇంట్లో కట్టుకున్నవి, ఉతికి ఉతికి మెత్తబడినవి. వాటితో బిడ్డకి చిన్న బొంత కుట్టి, మీద కొంచెం ఎంబ్రాయిడరీ చేయాలని నా కోరిక. నాకు వచ్చింది స్కూల్లో నేర్పిన కాడ కుట్టు, గొలుసు కుట్టు మాత్రమే.

ఇప్పటికి మూడుసార్లు చీర పరిచి కత్తెర తీసుకున్నాను, మూడుసార్లూ మడిచి బీరువాలోనే పెట్టేశాను. కోశాక ఏదైనా తప్పు జరిగితే మళ్ళీ తెచ్చుకునేది కాదు కదా. దానికి తోడు పెద్దమ్మ, "పోయినవాళ్ళ బట్టలు పసిబిడ్డకి వేస్తారా ఎవరైనా" అని గట్టిగానే అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఏం చేయమంటారు?

పీలేరు_పిల్ల:
అక్కా, నా మాట తప్పుగా అనుకోవద్దు. టెన్షన్ పడుతూ కుట్టేకంటే మంచి కాటన్ క్విల్ట్ ఒకటి కొనిచ్చి, అమ్మ చీరలు అలాగే దాచుకోవచ్చు కదా? నేను మా వదినకి అలాగే చేశాను, బాగా వాడుకుంటోంది.

పలమనేరు_పాతసూది:
చిన్నమ్మాయ్, కత్తెర ఎందుకమ్మా అసలు? బొంతకి చీర కోయరు, మడత పెడతారు.

మా అవ్వ నలభై యాభై బొంతలు కుట్టి ఉంటుంది, పలమనేరు చలి నీకు తెలుసు కదా, ఇంట్లో మనిషికొక బొంత ఉండేది. ఆమె ఏ చీరకీ కత్తెర పెట్టింది నేను చూడలేదు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా మీటరూ పది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. అయిదు మడతలు వేశావంటే ఒక్కో మడత మీటరూ పది వస్తుంది. అంటే పొడవూ వెడల్పూ ఒకటే, చదరంగా, అయిదు పొరలు. పసిబిడ్డ బొంత కొలత సరిగ్గా అదే. ఒక్క చీర, ఒక్క బొంత, కత్తెర పనే లేదు. నీకు నచ్చకపోతే కుట్లు విప్పేస్తే మళ్ళీ చీర చీరే.

కుట్టే ముందు ఇంత పని ఉంది. చీర రెండుసార్లు ఉతికి గంజి మొత్తం పోగొట్టు, గంజి ఉంటే సూది దిగదు, తర్వాత పురుగు కూడా పడుతుంది. కుంకుడు రసంతో ఉతికితే ఇంకా మంచిది. ఆరాక కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టి చూడు. పలచబడిన చోటు తెలిసిపోతుంది. అక్కడ రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడు, పర్రుమంటే ఆ భాగం లోపలి పొరలోకి వెళ్ళాలి. గట్టిగా ఉన్నది పైకీ కిందికీ రావాలి. పాత చీరకి మోకాళ్ళ దగ్గరా కూర్చునే చోటా అరిగి ఉంటుంది, అంచులు మాత్రం ఎప్పుడూ గట్టివే.

పెద్దమ్మ సంగతి. మా వైపు పుట్టిన బిడ్డకి పాత బట్టే వేస్తారు. పొత్తిగుడ్డలంటే ఏమిటి మరి, ఇంట్లో పెద్దవాళ్ళ పాత పంచెలూ చీరలే కదా. పురుడు అయ్యేదాకా కొత్త బట్ట తాకనివ్వరు. పోయినవాళ్ళవి అనేసరికి ఒక్కో ఇంట్లో ఒక్కో మాట ఉంటుంది, ఆమెతో వాదన పెట్టుకోవద్దు. చెల్లెలు పోయిన మనిషి ఆమె కూడా. నీ అంత బాధా ఉంటుంది.

కొర్లగుంట_చిన్నది:
అమ్మా, మీరు చెప్పింది చదివి ఇప్పుడే చీర పరిచి మడిచి చూశాను. నిజంగానే చదరంగా వచ్చింది! ఇన్ని రోజులూ నాకు తట్టలేదు. పీలేరు పిల్లా, నువ్వన్నది నేను కూడా ఆలోచించాను. ఆ చీరలు బీరువాలో ఉంటే ఏడాదికి ఒకసారి తీసి వాసన చూసి పెట్టేస్తాం, అంతే. అమ్మ ఉండుంటే ఆవిడే కుట్టేది, నాకు బాగా తెలుసు.

చిత్తూరు_బాబు:
నేను మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. మా అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి నేను ఎంబ్రాయిడరీ చేసిన తువాలు ఇచ్చాను. అమ్మ పచ్చళ్ళ పుస్తకంలో ఆవకాయ కొలతలు ఆమె చేత్తో రాసినవి ఉన్నాయి, ఆ నాలుగు లైన్లూ ఫోటో తీసి, ఉన్న సైజులోనే ప్రింటు తీయించి, కార్బన్ పేపరు పెట్టి బట్టమీదకి దింపుకొని కాడ కుట్టుతో కుట్టాను. యాంకర్ దారం ఒక లచ్ఛిలో ఆరు పోగులుంటాయి, నేను రెండే పోగులు తీసుకున్నాను, లేకపోతే సున్నాలూ గుడులూ పూడిపోయి అక్షరం చదవడానికి రాదు. 'క్ష' దగ్గర మూడుసార్లు విప్పాను. పదకొండు రాత్రులు పట్టింది.

అక్కా, మీ అమ్మగారి చేతిరాత ఏదైనా ఉందా ఇంట్లో? ఎంబ్రాయిడరీకి అంతకంటే మంచి డిజైన్ దొరకదు.

కొర్లగుంట_చిన్నది:
తమ్ముడూ... అమ్మ పెద్దగా రాసేది కాదు. కానీ ముగ్గుల పుస్తకం ఉంది. పాత లెక్కల నోటుబుక్కు, రెండు వందల పేజీలది, అన్నీ మెలికల ముగ్గులే. ధనుర్మాసం నెల రోజులూ ఏ రోజు ఏ ముగ్గు వేసిందో పక్కన తేదీ రాసుకునేది. నీ మెసేజ్ చూశాక వెళ్ళి తీశాను. పేజీల మధ్య ఇంకా ముగ్గుపిండి ఉంది.

మగ్గం_మంజరి:
ఆ ముగ్గే వేయండి!! నేను తిరుపతిలో మగ్గం వర్క్ చేస్తాను, పెళ్ళి బ్లౌజులే ఎక్కువ. మెలికల ముగ్గు బొంతకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ముగ్గు గీత తెగకుండా చుక్క చుట్టూ తిరిగి మొదలైన చోటికే వస్తుంది, మీ దారం కూడా అలాగే పోతుంది. బొంతకి పొరలు పట్టి ఉంచే కుట్టు ఎలాగూ కావాలి, ఆ కుట్టే ముగ్గు అయిపోతుంది.

లెక్క చెప్తాను. మీటరూ పది అంటే 43 అంగుళాలు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క పెట్టే ముగ్గు తీసుకోండి. చుక్కకీ చుక్కకీ అయిదు అంగుళాలు ఇస్తే మధ్య వరుస 30 అంగుళాలు వస్తుంది, చుట్టూ ఖాళీ మిగులుతుంది, అక్కడ మామూలు దూరం కుట్టు వరుసలుగా పోనివ్వండి, వరుసకీ వరుసకీ అంగుళం, అంగుళంన్నర.

ఒక్క జాగ్రత్త. మా షాపుల్లో డిజైన్ దింపడానికి ట్రేసింగ్ పేపరుకి సూదితో రంధ్రాలు పొడిచి, జింకు పొడి కిరోసిన్‌లో కలిపి రుద్దుతాం. బిడ్డ బట్టకి అది వద్దే వద్దు. టైలరు సుద్దతోనో మామూలు పెన్సిల్‌తో సన్నగానో గీసుకోండి. చుక్కలు పెట్టుకుంటే చాలు, ముగ్గు వేసే అలవాటున్న చేతికి గీత దానంతట వస్తుంది.

రేణిగుంట_నర్సు:
అందరూ మంచి మాటలు చెప్పారు, నేను కొంచెం భయపెట్టే మాట చెప్పాలి, తప్పదు. పసిపిల్లల వార్డులో పనిచేస్తాను.

ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు మందమైన బొంత గానీ దిండు గానీ మీద కప్పకూడదు, పక్కన వదులుగా పెట్టకూడదు. ముఖం మీదకి వస్తే తీసుకునే శక్తి వాళ్ళకి ఉండదు. డాక్టర్లు ప్రతి తల్లికీ చెప్పే మాట ఇది. మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించడానికీ, బోర్లా పడేసి చూసుకోవడానికీ, ఎవరైనా ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కిందుగా పట్టుకోవడానికీ బొంత బ్రహ్మాండంగా ఉంటుంది. మీ అక్కకి ఇచ్చేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.

ఇంకోటి, అద్దాలు, పూసలు, గుండీలు, చమ్కీలు ఏవీ వద్దు, ఊడితే నోట్లోకే పోతాయి. వెనకవైపు దారం పోగులు వేలాడకూడదు. దారం కాలి వేలికి చుట్టుకొని వేలు వాచిపోయిన పిల్లల్ని చూశాను, పైకి కనపడదు, బిడ్డ ఊరికే ఏడుస్తూ ఉంటుంది. అందుకే పెద్ద పెద్ద పోగుల నింపుడు కుట్టు కంటే చిన్న కుట్లు మేలు.

మగ్గం_మంజరి:
నర్సు అక్క చెప్పింది వంద శాతం. దీనికి ఒక ఉపాయం ఉంది. రంగుల ఎంబ్రాయిడరీ ఏదైనా చేసేదుంటే పై పొర ఒక్కదాని మీదే ముందు రింగు పెట్టి కుట్టేయండి, తర్వాత మిగతా పొరల మీద పరచండి. ముడులూ పోగులూ అన్నీ లోపలికి పోతాయి. పొరలు పట్టే కుట్టుకి మాత్రం ముడి లోపల దాచాలి. సూది పై పొరలోంచి దించి అంగుళం దూరంలో పైకి తీసి, చిన్నగా లాగితే ముడి టప్‌మని లోపలికి వెళ్ళిపోతుంది.

పుత్తూరు_టు_బెంగళూరు:
ఇది చదువుతుంటే మా జేజి గుర్తొచ్చింది. పుత్తూరులో మా ఇంటి బొంత ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో మా తాత పంచె ఎక్కడుందో నాకు తెలుసు, అక్కడ మాత్రం తెల్లగా ఉంటుంది.

బెంగళూరులో ఒక ప్రదర్శనలో సిద్దీల బొంతలు చూశాను. ఆఫ్రికా మూలాలున్న వాళ్ళు, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉంటారు. వాళ్ళు దాన్ని కవంది అంటారు, కన్నడంలో మామూలుగా కౌది అంటారు కదా, మన కుప్పం వైపు కూడా ఆ మాట వినే ఉంటారు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి అంచు వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కలు అతుకుతూ, లోపలికి వస్తూ నడిమిలో పూర్తి చేస్తారు. చివర్లో నాలుగు మూలల్లో గుడ్డ మడిచి చిన్న త్రికోణాలు కుడతారు, దాన్ని ఫూల అంటారు, అంటే పువ్వు. పువ్వులు లేని బొంత వాళ్ళ లెక్కలో పూర్తయినట్టు కాదట.

బెంగాలు కాంథా కూడా పాత చీరలే, దారం కూడా పాత చీర అంచులోంచి లాగిన పోగులే వాడేవాళ్ళు. బీహారులో సుజనీ అని ఉంది, అదైతే ముఖ్యంగా పుట్టిన బిడ్డని చుట్టడానికే పాత చీరలతో కుట్టేది. పెద్దమ్మకి ఇది చెప్తే మెత్తబడుతుందేమో.

పలమనేరు_పాతసూది:
పుత్తూరు నాయనా, బీహారు సంగతి చెప్తే ఏ పెద్దమ్మా మెత్తబడదు. చిన్నమ్మాయ్, ఆమెనే ఒక పాత చీర అడుగు. బొంతలో ఆమె చీర కూడా ఉంటే అది ఆమె బొంత కూడా అవుతుంది.

మూల దగ్గర మొదలుపెట్టడం అలవాటున్నవాళ్ళకి బాగానే ఉంటుంది. మొదటిసారి కుట్టేవాళ్ళు మాత్రం నడిమి నుంచే పొండి. నేల తుడిచి, పొరలు పరిచి, మూలల్లో బరువు పెట్టి, నడిమి నుంచి నాలుగు వైపులకీ కచ్చా కుట్టు వేసుకోవాలి. అప్పుడు ముడతలు బయటికి తోసుకుపోతాయి. అంచు నుంచి వస్తే మధ్యలో బొప్పి కట్టినట్టు గుడ్డ మిగిలిపోతుంది. దబ్బనం వాడొద్దు, రంధ్రాలు పడతాయి. పొడుగాటి సన్న సూది చాలు.

కాళహస్తి_కలం:
అన్నట్టు, మూలల పువ్వులకి కలంకారీ ముక్కలు వేద్దామని ఎవరైనా అంటే నా మాట వినండి. మేము ఇంట్లో మూడు తరాలుగా కలం పట్టినవాళ్ళం. శ్రీకాళహస్తి పని అంటే చేత్తో కలం పట్టి గీసేది, పెడనలో అయితే అచ్చులతో వేస్తారు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాక, బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన కసీంతో నల్ల గీత, పటిక అద్ది ఎరుపు, కరక్కాయ పువ్వుతో పసుపు, మధ్య మధ్యలో స్వర్ణముఖి పారే నీళ్ళలో ఉతకడం. ఇంత చేసిన గుడ్డని రోజుకి నాలుగుసార్లు తడిసే పసిబిడ్డ బొంతకి వేస్తే, సబ్బుకీ ఎండకీ రంగు తగ్గిపోతుంది, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పెద్దవాళ్ళకి ఇచ్చే బొంతకో గోడకి తగిలించేదానికో వాడండి, చక్కగా ఉంటుంది. స్క్రీన్ ప్రింటు గుడ్డని కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు, అది ఎలాగూ వద్దు.

ఎంబ్రాయిడరీ దారం సంగతి కూడా చెప్తాను. ఎరుపూ ముదురు నీలం దారాలు కుట్టే ముందే పరీక్షించండి. తెల్లగుడ్డ తడిపి దారం మీద గట్టిగా అద్దండి, రంగు అంటితే ఆ దారం పక్కన పెట్టేయండి. ఉప్పు నీళ్ళలో నానబెడితే నిలుస్తుందని చాలామంది అంటారు. రంగు వేసేటప్పుడు ఉప్పు పనికొస్తుంది గానీ, తయారై వచ్చిన దారానికి ఉప్పు వేసినంత మాత్రాన కారే రంగు ఆగదు.

పీలేరు_పిల్ల:
చీర నూలా కాదా అని అనుమానం ఉంటే ఎలా తెలుసుకోవాలి? మా అమ్మ చీరల్లో కొన్ని మిక్సింగ్ అనిపిస్తోంది. (ఇది చదివాక నాకు కూడా కుట్టాలనిపిస్తోంది.)

కాళహస్తి_కలం:
అంచులోంచి ఒక పోగు లాగి, ఇనుప గిన్నెలో పెట్టి కాల్చు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి గుండులా అవుతుంది. అది బిడ్డకి వద్దు, మన తిరుపతి ఎండలకి చెమట పీల్చదు.

చిత్తూరు_బాబు:
ఎవరూ బొంత కుట్టడానికి బయట ఇవ్వకండి, ఇచ్చినా పక్కన కూర్చోండి. మా అత్త, వాళ్ళమ్మ చీర ఒక షాపులో మెషిన్ మీద కుట్టమని ఇస్తే, అంచులు కత్తిరించి పారేసి, లోపల ఏదో స్పాంజి పెట్టి, గట్టి పరుపులా చేసి ఇచ్చారు. అంచులు అడిగితే చెత్తలో పోయాయన్నారు. ఆమె వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

కొర్లగుంట_చిన్నది:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరూ ఏమనుకున్నారో.

పెద్దమ్మని చీర అడిగాను. మొదట పలకలేదు. నాలుగో రోజు పొద్దున్నే తనే వచ్చింది, లేత పసుపు నూలు చీర ఒకటి చంకలో పెట్టుకొని. "బిడ్డ ఒంటికి తగిలేది నాది ఉండాలి, లోపల మీ అమ్మది పెట్టుకో" అంది. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం కష్టంగా అనిపించింది, అమ్మ చీర ఎవరికీ కనపడదు కదా అని. తర్వాత ముగ్గు గుర్తొచ్చింది. పైన కనపడేది అమ్మ గీసిందే కదా.

అమ్మ వెంకటగిరి చీరకి కొంగులో జరీ ఉంది, జరీ బిడ్డకి గీసుకుంటుందని కొంగు వేరు చేయక తప్పలేదు. నాకు చెయ్యి రాలేదని నాన్నే పట్టుకున్నారు. కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపారు, పోగు వెంట సూటిగా, గీత గీసినట్టు చిరిగింది. ఆ చప్పుడుకి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. మిగిలింది నాలుగు మడతలు వేశాం, పైన ఒకటి కింద ఒకటి పెద్దమ్మ చీర పొరలు. మొత్తం ఆరు.

ముగ్గు 2019 ధనుర్మాసంలో వేసింది తీసుకున్నాను, ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు. మంజరి అక్క చెప్పినట్టు చుక్కలే పెట్టుకున్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటన్నర. కుట్టేటప్పుడు ఒకచోట మెలిక తప్పింది, గీత తిరిగి మొదటికి రావట్లేదు. విప్పుతూ నోటుబుక్కులో చూస్తే అమ్మ కూడా సరిగ్గా అక్కడే తప్పు వేసి, కొట్టేసి, మళ్ళీ గీసింది.

మూలల్లో పువ్వులు కూడా పెడుతున్నాను. నాన్న పంచె ముక్క, బావ పాత చొక్కా ముక్క, అక్క స్కూలు యూనిఫాం ముక్క. నాలుగోది ఇంకా ఖాళీ.

పలమనేరు_పాతసూది:
నాలుగోది నీ చున్నీ ముక్క పెట్టు తల్లీ. పిన్నివి కదా. ఇంకోమాట, పురుడు కాకముందే చేతికివ్వొద్దు, పదకొండో రోజు స్నానం అయ్యాక ఇవ్వు. పెద్దమ్మ చేత్తో ఇప్పించు.

కొర్లగుంట_చిన్నది:
పాప పుట్టింది!! ఇద్దరూ బాగున్నారు. పదకొండో రోజు పెద్దమ్మే పరిచింది, నడింట్లో, ముగ్గు పైకి వచ్చేలా. అక్క బొంతని తిప్పి తిప్పి చూసి, మోకాళ్ళ మీద కూర్చొని వేలితో ఆ ముగ్గు గీత వెంట పోతూ, ఎక్కడా ఆపకుండా మొదటికి వచ్చేదాకా తిప్పింది. ఏమీ అడగలేదు, ఏ పేజీలోదో తనకి తెలుసు. తర్వాత కొంగు ఏదని అడిగింది. ఇచ్చాను. ఇప్పుడు అది తన దిండు కింద ఉంది.

నర్సు అక్కా, మీరు చెప్పింది అక్కకి చెప్పాను, నిద్రలో కప్పట్లేదు, పగలు కింద పరుస్తున్నాం, పాప కళ్ళు తెరిచి ఫ్యాను వైపు చూస్తూ పడుకుంటుంది.

ఇవాళ మొదటిసారి తడిపేసింది. ఉతకాలి. ముగ్గు దారం ఎర్రది, కుట్టేముందు పరీక్షించాను, అంటలేదు. అయినా భయంగా ఉంది. కాళహస్తి అన్నా, చల్లనీళ్ళేనా? ఎండలో వేయొచ్చా?

కాళహస్తి_కలం:
చల్లనీళ్ళే. కుంకుడు రసం, పిండొద్దు, చేత్తో నొక్కి నీళ్ళు వదిలించు. నీడలో, ముగ్గు లోపలికి తిప్పి, రెండు తీగల మీద పరిచినట్టు వెయ్యి. ఆరు పొరలు కాబట్టి రేపు సాయంత్రందాకా ఆరదు, తడి ఉండగా మడవొద్దు. ఈలోపు పాప కిందకి ఇంకొకటి కావాలి కదా, మిగతా చీరల్లో ఏది తీస్తున్నావు?